మిషను మీద చాయ్ గ్లాసు

మా పెద్దవాడిని ధర చెప్పమని పిలిచారు! చెవి వినపడదని బొగ్గు బాయి పనిలోకి తీసుకోకుండా తిప్పి పంపిన మా వాడినే. నిన్న పొద్దున బసంత్‌నగర్ నుంచి ఇద్దరు మనుషులు ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కొనేవాడొకడు, అమ్మేవాడొకడు, ఇద్దరూ ఒకే సైకిల్ మీద! తొక్కేది కొనేవాడు, వెనక కూర్చున్నది అమ్మేవాడు. "మిషను ధర చెప్పే ఇల్లు ఇదేనా కాకా?" అని అడిగారు. అవునని తల ఊపాను.

ఇంత సంతోషాన్ని కడుపులో పెట్టుకోలేక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కానీ ఈ సంతోషం రాయాలంటే ముందు దుఃఖం రాయాలి. వాళ్ళు మా వాడి కోసం వచ్చింది, అసలు రావలసిన మనిషి లేడు కాబట్టి. మా పక్క క్వార్టరు చాచా పోయి నేటికి ఇరవై రెండు రోజులు.

ఆ కబురు మాకు చాయ్ హోటలాయన తెచ్చాడు. శుక్రవారం పొద్దున, చేతిలో కడుగుతున్న గ్లాసు అట్లాగే పట్టుకుని మా వాడి దర్వాజాల దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. "చాచా పోయిండు. నిద్రలనే పోయిండట" అన్నాడు. మా వాడు మిషను ఆపేశాడు. మా పక్క సా మిల్లు వాడు ఎందుకు ఆపావని కేకేసి అడిగి, విని, వాడూ ఆపేశాడు. తర్వాత ఎదురుగా ఉన్నవాడు. అట్లా ఆ రోడ్డు మీద రంపాలు ఒకటి తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఆ బజారులో నేను కాకుల అరుపు విన్నది ఆ పూటే. చెవులు పోయిన చాచా చివరి ఇరవై ఏళ్ళు ఎంత చప్పుడు లేని లోకంలో బతికాడో, ఒక గంటసేపు మాకందరికీ తెలిసింది.

నేను చదివింది నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. తెలుగు అక్షరాలు బాయి పనిలో చేరాక నేర్చుకున్నవి. కాబట్టి గొప్పగా రాయలేను. నాకు తెలిసిన మనిషిని తెలిసినట్టు రాస్తాను.

కొత్తగూడెం నుంచి ఇక్కడి కొత్త బాయిలకు వచ్చినప్పుడు మాకిచ్చిన క్వార్టరుకు, ఆయన క్వార్టరుకు మధ్య ఒకటే గోడ. ఆయన టింబరు యార్డులో రంపం మీద పని చేసేవాడు. బాయి లోపల కప్పు కూలకుండా నిలబెట్టే దుంగలను ఆయన పైన కోస్తే, అవే దుంగలను నేను కింద నిలబెట్టేవాడిని. ఆ విధంగా గోడ కంటే ముందే మాకు దుంగ చుట్టరికం. రంపం హోరుకు ఆయన రెండు చెవులూ పోయాయి. వినపడని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. చాచీ చేసిన కూర బాగుంటే మా ఇంట్లో తెలిసేది, ఉప్పెక్కువైనా మా ఇంట్లోనే తెలిసేది. మా ఇంటామె నన్ను ఎగతాళి చేసేది: "గోడకు చెవులుంటయంటరు. మన గోడకు నోరున్నదయ్యా."

చెవులు పోయాయి గానీ వేళ్ళు పోలేదు. రంపం మీద ఒక బతుకంతా పని చేసి పది వేళ్ళతో ఇంటికొచ్చిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. రిటైరయిన నాడు ఆయనకు అందరూ దండలు వేస్తుంటే రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు విప్పి చూపించాడు. ఇంకేం ఉపన్యాసం చెప్పలేదు.

ఆ తర్వాత మొదలైంది ఆయన అసలు కొలువు. మా దిక్కు ఊళ్ళలో క్వార్టర్లు కడుతున్నారు, ఇళ్ళు కడుతున్నారు, దర్వాజాలు కావాలి, కిటికీలు కావాలి. కొత్త మిషను కొనే తాహతు ఏ వడ్రంగికుంది? ఎక్కడో ఎవరో వాడి వదిలేసిన రంపమో, చెక్కను నున్నగా చెక్కే రందా మిషనో కొనుక్కోవాలి. పాత మిషనుకు ధర ఏమిటి? అమ్మేవాడు చెప్పేదొకటి, కొనేవాడు చెప్పేదొకటి. మధ్యలో దళారులు తువ్వాల కప్పి దాని కింద వేళ్ళు పట్టి బేరం చేస్తారు, అంగట్లో ఎడ్లకు చేసినట్టు. ఒకసారి అట్లాంటి ఒక దళారి చాచా చేతి మీద కూడా తువ్వాల వేయబోయాడు. ఈయన దాన్ని తీసి మొహం తుడుచుకుని తిరిగిచ్చాడు. "ఎద్దుకు సిగ్గుంటది, కప్పు. మిషనుకెందుకు?" అన్నాడు. బజారంతా నవ్వింది.

ఆయన చూసే పద్ధతి వేరు. పొద్దున్నే, మిషను చల్లగా ఉన్నప్పుడే పోవాలి. "మనం పోయేసరికి మిషను వేడిగుంటే, యజమాని మనకన్న ముందుగాల లేచి దాని రోగం దాచిండన్నట్టు" అనేవాడు. ముందు పైన చూడడు, కిందికి వంగి పొట్టు చూస్తాడు, ఏ కట్టె కోసిందో, ఎట్లా కోసిందో. బెల్టు తీయించి ఒక్క వేలితో తిప్పి చూస్తాడు. కొత్త రంగు కనిపిస్తే మాత్రం ఆగి గడ్డం నిమురుకుంటాడు. "రంగేసిన పాత మిషను, మల్ల పెండ్లికి తయారైన ముసలోడు ఒక్కటే భాయ్. బట్టలు చూడొద్దు, పండ్లు చూడాలె."

అప్పుడు చాయ్ తెప్పిస్తాడు. అంచు దాకా నిండిన గ్లాసు. దాన్ని మిషను బల్ల మీద పెట్టి, మిషను నడపమంటాడు. ఒక అరచేతిని ఇరుసు పక్కన ఆనించి, కళ్ళు ఆ చాయ్ మీద పెట్టి కూర్చుంటాడు. యజమాని పొగడుతూనే ఉంటాడు. ఆయనకేమీ వినపడదు. "మిషనుకు నోరు లేదు, యజమానికి ఉన్నది. ఆయన మాట నాకు వినపడదు. గందుకే నాకు మోసం లేదు" అని ఆయన మాట. చాయ్ తొణికిందంటే దాన్ని మట్టిలో పారబోసి లేచిపోతాడు. తొణకలేదంటే చల్లారిన చాయ్‌ను ఒక్క గుక్కలో తాగి ధర చెబుతాడు. ఆయన తీసుకునే దలాలీ కూడా అంతే, ఆ చాయ్. మా బజారులో మిషను మంచిదా చెడ్డదా అని ఎవరూ అడిగేవారు కాదు. "చాచా చాయ్ తాగిండా?" అని అడిగేవారు.

ధర రూపాయల్లో చెప్పేవాడు కాదు. దర్వాజాలలో చెప్పేవాడు. "ఇది యాభై దర్వాజాల మిషను" అంటే, యాభై దర్వాజాల కట్టె చెక్కితే వచ్చే కూలి ఎంతో అంత దాని విలువ అని. మిషనులో ఇంకెంత ప్రాణముందో చూసి, కొన్నవాడు ఎన్ని దర్వాజాలకు తన పెట్టుబడి లాగగలడో అంచనా కట్టి ఆ మాట అనేవాడు. రూపాయి ఏటేటా మారుతుంది, దర్వాజా మారదని ఆయన లెక్క. చెవిటి గొంతు కదా, ఆ ధర నాలుగు దుకాణాల అవతలికి వినపడేది. ఒకసారి చెబితే మళ్ళీ మార్చేవాడు కాదు. అమ్మినాయన తక్కువైందని గునిసేవాడు, కొన్నాయన ఎక్కువైందని గునిసేవాడు. "ఇద్దరు సమానంగ గునిస్తే ధర సరిగ్గున్నట్టు" అని ఆయన పైజామా దులుపుకుని లేచేవాడు.

ఇక మా వాడి సంగతి.

నా కొడుకు నా తర్వాత బాయిలో దిగుతాడని నేను వాడు పుట్టినప్పటి నుంచీ అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు నిండగానే దవాఖానలో పరీక్షకు తీసుకుపోయాను. డాక్టరు వాడి వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచాడు. వాడు తిరగలేదు. ఇంకోసారి పిలిచాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. తిరుగు కొడకా, తిరుగు అని లోపల మొక్కుకుంటున్నాను. చిన్నప్పుడు చెవిలో చీము పట్టింది, తగ్గిందనుకున్నాం. తగ్గలేదు, ఎడమ చెవి పూర్తిగా పోయింది. డాక్టరు తప్పేమీ లేదు. బాయిలో కప్పు కూలబోయే ముందు చిన్న చప్పుడు చేస్తుంది. అది వినపడనివాడు బతకడు. ఆ చప్పుడు విని నేను మూడుసార్లు బతికి బయటపడ్డాను. కాబట్టి కాదనలేకపోయాను.

మంచిర్యాల దగ్గరి జైపూర్ నుంచి మా అక్క వచ్చి వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. కొత్తగూడెం బావ వచ్చి, "ఏంజేస్తం బామ్మర్దీ, నాలుగు మేకలు కొనియ్యి, కాసుకుంటడు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మాట మా వాడు కుడి చెవితో విన్నాడు.

అప్పుడే గోడ అవతల నుంచి చాచా తల పైకి లేచింది. "ఏమన్నరు తమ్మీ దవాఖానల?"

మెల్లగా చెప్పాను. "ఆఁ?" అన్నాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. "ఆఁ?" అన్నాడు. చివరకు గొంతు చించుకుని అరిచాను: "చెవి పనికి రాదన్నరు!" లైను క్వార్టర్ల వాళ్ళందరూ బయటికొచ్చారు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. ఆయన మాత్రం గోడ మీద చెయ్యి కొట్టి నవ్వాడు.

"ఒక్క చెవేనా? నాకు రెండు లేవు. నేను అన్నం తినలేదా, పెండ్లి చేసుకోలేదా? రా బేటా ఇటు" అని వాడిని గోడ మీది నుంచే పిలిచాడు. వాడు గోడ దూకి పోయాడు. అట్లా దూకినవాడు మళ్ళీ నా వైపు పూర్తిగా తిరిగి రాలేదు. మంచిదే అయింది.

ఒక దర్వాజాల దుకాణంలో చాచా వాడిని పనికి పెట్టించాడు. మూడేళ్ళలో వాడి చేతి రందా పని చూసి నాకే ఆశ్చర్యమయ్యేది. చెక్కిన చెక్క మీద నీళ్ళు పోస్తే నిలవకుండా జారిపోయేవి. నేను రిటైరయ్యాను. చేతికొచ్చిన దానితో వాడికి ఒక రందా మిషను కొని సొంత దుకాణం పెట్టించాలని నా ఆశ. వాడి బతుకు ఇక దాని మీదే.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మిషను చూడడానికి చాచాను పిలవలేదు. నాకు నా చెవి మీద గర్వం. ముప్పై ఏళ్ళు ఇనుప చువ్వతో బాయి కప్పు కొట్టి, చప్పుడు విని, గట్టిదో డొల్లదో చెప్పినవాడిని. కప్పు తెలిసిన నాకు ఒక ఇనుప ముక్క తెలియదా అనుకున్నాను. పెద్దపల్లి దగ్గర ఒకడు మిషను అమ్ముతున్నాడంటే చువ్వ చేత పట్టుకుని పోయాను. బల్ల మీద కొట్టాను, కాళ్ళ మీద కొట్టాను, పక్కల మీద కొట్టాను. ఎక్కడ కొట్టినా ఖంగుమని గంట మోగినట్టు మోగింది! "బాపూ, ఒక్కపారి నడిపించి చూద్దమా?" అని మా వాడు మెల్లగా అన్నాడు. "నువ్వు ఊకో, దీనిలో ఎక్కడ డొల్ల లేదు" అన్నాను. అమ్మేవాడు నా రెండు చేతులూ పట్టుకుని, ఇంత తెలిసిన మనిషిని చూడలేదన్నాడు. పొంగిపోయి కొన్నాను.

ఇంటికి తెచ్చి నడిపితే, చెక్కిన చెక్క మీద అలలు. మా వాడు మళ్ళీ మళ్ళీ చెక్కాడు, మళ్ళీ మళ్ళీ అలలు. మూడో రోజు చాచా పిలవకుండానే వచ్చాడు, హోటలు నుంచి నిండు గ్లాసు తనే పట్టుకుని. బల్ల మీద పెట్టాడు. మా వాడు మీట నొక్కాడు. చాయ్ సగం నా చెప్పుల మీద పడింది.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "తమ్మీ, కప్పు కదలకుంటే మంచిది. మిషను కదులుడే దాని పని. నిలబడ్డదాన్ని కొట్టి చూసినవు గానీ తిరిగేదాన్ని చూడలే. ఇరుసు వంకరున్నది" అన్నాడు.

నేనేమన్నానో కూడా రాయాలి, దాచను. "ఎవరికన్న అమ్మేద్దం చాచా, నువ్వు చాయ్ తాగినట్టు చెయ్యి చాలు" అన్నాను, చెవి దగ్గర నోరు పెట్టి. ఆయన నా మొహం చూసి, బజారు మధ్యకు పోయి నిలబడి అరిచాడు: "పదిహేను దర్వాజాల మిషనున్నది! ఇరుసు వంకర! సామాన్లకు పనికొస్తది! ఎవలకన్న కావాల్నా?" నేను తువ్వాల కప్పుకుని దుకాణం వెనక్కి పోయాను. సాయంత్రానికి ఒక మెకానిక్ వచ్చి పదిహేను దర్వాజాల లెక్కకే తీసుకుపోయాడు. పోగొట్టుకున్నది పోగా మిగిలిన దానితో ఇంకొక్క మిషను కొనగలను. అదీ తప్పితే మా వాడికి మేకలే.

ఈసారి చాచాను వెంటబెట్టుకునే పోయాను. మంచిర్యాలలో ఒకామె, వడ్రంగి భార్య, భర్త పోయి ఏడాదయింది. మిషను మీద పాత చీర కప్పి ఉంచింది. చాచా చీరను మెల్లగా తీసి, మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు. అప్పుడు కిందికి వంగాడు. పొట్టు చూశాడు, వేలితో తిప్పాడు, చాయ్ పెట్టాడు. గ్లాసు అంచు దాకా ఉన్న చాయ్ మీద సన్నని గీత కూడా కదల్లేదు. మిషను నడుస్తుందా లేదా అని నేను వంగి చూడవలసి వచ్చింది! చాచా తాగాడు.

ఆమె అడిగిన ధర దర్వాజాల లెక్కలో నలభై. నా దగ్గర అరవై దర్వాజాలంత ఉంది. మిగిలిన ఇరవైతో దుకాణానికి రేకుల కప్పు వేయించొచ్చని అప్పటికప్పుడే మనసులో రేకులు పరిచేశాను. సరే చెల్లె అనబోతున్నాను.

"అరవై!" అని అరిచాడు చాచా.

ఆమె బెదిరిపోయింది. "నేను నలభయ్యే అడిగిన గదా తాతా" అంది.

"తెల్వక అడిగినవ్ బిడ్డా. నీ పెనిమిటి దీన్ని బిడ్డలెక్క చూసుకున్నడు. అరవై దర్వాజాల మిషను ఇది. నలభైకి ఇస్తే ఆయన పని ఇరవై దర్వాజాలు మునిగినట్టు."

నేను ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. "నువ్వు నా దిక్కు వచ్చినవా, ఆమె దిక్కు వచ్చినవా?" అని అడిగాను. కోపంలో కూడా గట్టిగా అరవాలి, లేకపోతే ఆయనకు వినపడదు. అదొక కష్టం.

"మిషను దిక్కు వచ్చిన" అన్నాడు. "నీ ఇరుసు వంకరుందని బజార్ల చెప్పినోన్ని, ఈమె ఇరుసు సక్కగున్నదని చెప్పొద్దా? గదే నోరు గద తమ్మీ."

మా వాడి వైపు చూశాను, వాడైనా నా వైపు మాట్లాడతాడని. వాడు తల దించుకుని, "చాచా చెప్పిందే ధర బాపూ" అన్నాడు. అరవై ఇచ్చి, ఒట్టి చేతులతో నేనొక్కణ్ణే బస్సెక్కి ఇంటికొచ్చాను. వాళ్ళిద్దరూ మిషనుతో లారీలో వచ్చారు.

రెండు నెలలు చాచాతో మాట్లాడలేదు. చెవిటాయనతో మాట్లాడకుండా ఉండడం కూడా తేలిక కాదు. ఆయనకు తెలియాలి కదా మనం మాట్లాడడం లేదని! రోజూ గోడ మీది నుంచి "తిన్నవా తమ్మీ?" అని అరిచేవాడు. నేను వెనక్కి తిరిగి నిలబడేవాడిని. "తిన్నట్టున్నడు" అనుకుని పోయేవాడు.

దుకాణానికి కప్పు లేదు. నాలుగు కర్రలు పాతి, పైన వాన ఆగే పాత తాడిపత్రి గుడ్డ కట్టాం. మొదటి పెద్ద వాన గాలితో వచ్చింది. మధ్యాహ్నం అన్నానికొచ్చిన మా వాడు, నేను ఇద్దరమూ చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తాం. పోయేసరికి తాడిపత్రి ఒక పక్క ఊడిపోయి ఉంది. చాచా ఆ ఊడిన మూలను రెండు చేతులతో లాగి పట్టుకుని మిషను మీదికి వంగి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. టోపీ నుంచి గడ్డం మీదికి నీళ్ళు కారుతున్నాయి. మిషను మీద చుక్క పడలేదు.

"నువ్వు దీని కిందికి రా చాచా!" అని అరిచాను. అది రెండు నెలల తర్వాత నా మొదటి మాట.

"మనిషి తడిస్తే ఆరుతడు తమ్మీ. ఇరుసు తడిస్తే ఆరది" అన్నాడు. అని, నేను మాట్లాడిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, వానలోనే నవ్వాడు. "మాట్లాడినవ్! రెండు నెలలాయె!" ఆయనకు తెలుసన్నమాట. రోజూ తెలిసే తిన్నావా అని అడిగాడన్నమాట. నేను ఇంకో మూల పట్టుకుని, వాన తగ్గేదాకా ఆయనకు ఎదురుగా నిలబడ్డాను. కళ్ళనీళ్ళు వానలో కలిసిపోయాయి, దేవుడు మేలు చేశాడు.

ఆ తర్వాత ఆయన రోజూ మా దుకాణంలోనే కూర్చునేవాడు. మా వాడి అరచెయ్యి పట్టుకుని ఇరుసు పక్కన పెట్టేవాడు. "చెవి అరిచేటోని మాటనే వింటది. చెయ్యి అన్నిటినీ వింటది" అనేవాడు. ఎక్కడికి ధర చెప్పడానికి పోయినా వాడిని వెంట తీసుకుపోయేవాడు. నోటితో పాఠం చెప్పగా నేను వినలేదు. ఒకరి చెయ్యి మీద ఒకరి చెయ్యి, అంతే. ఆ మిషను అరవై దర్వాజాలు ఏనాడో దాటేసింది. రేకులు కూడా పడ్డాయి. ఆ రేకుల కింద మొదటి నాడు చాచాను కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పైకి చూసి, "వాన చప్పుడు బాగుంటదా దీని కింద?" అని అడిగాడు. బాగుంటదని అరిచాను.

ఆయన పోయిన మూడో నాడు మంచిర్యాల ఆమె వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. చాచీ పక్కన చాలాసేపు కూర్చుని, పోయేటప్పుడు మా దుకాణం ముందు ఆగి, భర్త మిషనును చేత్తో తాకి పోయింది. నిన్న వచ్చిన ఇద్దరిలో అమ్మేవాడికి మా ఇల్లు చెప్పింది ఆమేనట. "ఆడ అమ్మేటోనికి గూడ అన్యాయం కాదు, పో అన్నది కాకా" అని వాడే చెప్పాడు.

నిన్న నేను కూడా వెంట పోయాను. పిలవలేదు, అయినా పోయాను. వెనకాల నిలబడ్డాను. నా వేళ్ళు చువ్వ కోసం దురద పెట్టాయి గానీ చేతులు కట్టుకున్నాను. మా వాడు వంగి పొట్టు చూశాడు. వేలితో తిప్పాడు. అమ్మేవాడు పొగడడం మొదలుపెడితే వాడివైపు ఎడమ చెవి తిప్పి నిలబడ్డాడు! నాకు నవ్వు ఆగలేదు. నిండు గ్లాసు పెట్టించాడు, అరచెయ్యి ఆనించాడు. మిషను నడిచింది. చాయ్ మొదట అంచున సన్నగా వణికింది. తర్వాత నిలిచింది. మా వాడు అసలు చాయ్ తాగడు, చిన్నప్పటి నుంచీ కిట్టదు. నిన్న ఎత్తి ఒక్క గుక్కలో తాగాడు. మొహం చిట్లించుకున్నాడు. అప్పుడు, ఇంట్లో వాడి గొంతు పక్క గదికి కూడా వినపడదే, ఆ గొంతుతో వీధి వినేటట్టు అరిచాడు: "డెబ్బై దర్వాజాల మిషను!"

"జర తక్కువ చెయ్యరాదే అన్నా" అన్నాడు కొనేవాడు. "ఇంకో అయిదు పెంచితే ఏం పోతదన్నా" అన్నాడు అమ్మేవాడు. ఇద్దరూ సమానంగా గునిశారు. మా వాడు ప్యాంటు దులుపుకుని లేచాడు.

చాచా, ధర సరిగ్గానే ఉంది.

ఇక ఈ కబురు చెప్పాల్సిన వాళ్ళు. జైపూర్ అక్కకు ముందు చెప్పాలి, ఆమె ఏడుపు అప్పటి నుంచీ బాకీ ఉంది, ఈసారి సంతోషంతో ఏడుస్తుంది. కొత్తగూడెం బావకు ఉత్తరం రాయాలి, మేకల మాట ఎత్తకుండా, కానీ ఆయనకే గుర్తొచ్చేటట్టు. మా చిన్నబిడ్డకు, అల్లుడికి. మా ఇంటామె తమ్ముడికి. మంచిర్యాల చెల్లెకు, ఆమెను ఇప్పుడు చుట్టాల్లోనే రాస్తున్నాను. చాచీకి గోడ మీది నుంచి నిన్న సాయంత్రమే చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఉన్ కో బోలే క్యా?" అంది, ఆయనకు చెప్పావా అని.

లేదు. ఆయనకు ఈ శుక్రవారం గోరీ దగ్గరికి పోయి చెప్పాలి. అక్కడ ఎంతమంది ఉన్నా సరే, గొంతు చించుకుని అరవాలి. మెల్లగా చెబితే ఆయనకు వినపడదు.